‘ఇంటిపేరేంటండీ?’ గారికి

మహారాజశ్రీ ‘ఇంటిపేరేంటండీ?’ గారి దివ్య సముఖమునకు,

పటమటలో మొన్నటి మేడమీద వాటా గురించే ఈ ఉత్తరం. అద్దె 12 వేలు కుదిరింది, మూడు నెలల అడ్వాన్సుకి ఒప్పుకున్నారు, సాయంత్రం వచ్చి తాళాలు తీసుకెళ్ళమన్నారు. అప్పుడు తమరు వేంచేశారు. ఇంటిపేరు వినగానే ఓనరుగారికి తమ్ముడి కొడుకు దిగుతానన్న సంగతి గుర్తొచ్చింది. టులెట్ బోర్డు మాత్రం గేటుకి ఇంకా వేలాడుతూనే ఉంది, ఆ కుర్రాడికి ఇల్లు గుర్తు తెలియడానికి కాబోలు.

తమరి పనితనం మెచ్చుకోవాలి. ఇంటిపేరుతో తేలకపోతే ‘ఏ ఊరు?’ తెనాలి దగ్గరంటే ‘దగ్గరంటే ఎక్కడ?’ ఊరు చెబితే ‘అక్కడ ఎవరి తాలూకు?’ అప్పటికీ అంతుచిక్కకపోతే ‘నాన్‌వెజ్ తింటారా?’ కులమన్న మాట ఒక్కసారీ బయటికి రాదు. అడిగినవారిని నిలదీస్తే ‘ఛ, మాకలాంటి పట్టింపుల్లేవండీ’ అంటారు. ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఆ మనిషి అబద్ధమాడటం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. తెలియకుండా ఎటు మొగ్గుతామో చూడటానికే 1998లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రీన్‌వాల్డ్ బృందం ఓ పరీక్ష ప్రచురించింది. మాటల్నీ మొహాల్నీ జతచేయడానికి వేళ్ళు ఎంత ఆలస్యం చేస్తాయో మిల్లీసెకన్లలో కొలుస్తుంది. దాన్ని జనంలోకి తెచ్చినవాళ్ళలో సికింద్రాబాదులో పుట్టిన మహజరీన్ బానాజీ ఒకరు. (ఒకే మనిషికి రెండుసార్లు రెండు రకాలుగా రావచ్చు కాబట్టి ఆ స్కోరు పట్టుకుని ఎవరినీ దోషిని చేయకూడదు లెండి.)

తమరి అన్నగారు ‘మొదటి చూపు’కి మనిషి మీద తీర్పు చెప్పేయడానికి సెకనులో పదోవంతు చాలని 2006లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో తేలింది. మొహాన్ని ఇంకాసేపు చూపిస్తే తీర్పు పెద్దగా మారలేదు, తీర్పు మీద నమ్మకం మాత్రం పెరిగింది. ‘ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు’ గారి సంగతి మరో ఉత్తరంలో.

పరిశోధకులు థొరాట్, అట్టెవెల్ 2007లో అచ్చేసిన లెక్క తమరికి గుర్తుందా? సమానమైన చదువులతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాలకి దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే పిలుపొచ్చే అవకాశం దళిత పేరుకి సుమారు మూడింట రెండొంతులు, ముస్లిం పేరుకి మూడో వంతు. మొహం చూడలేదు, గొంతు వినలేదు. కాగితం మీద పేరు, అంతే.

ఇక మర్యాద చాలు. ఒక పూట వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్లు పంచితే నువ్వు పోవు. మనసులు మారేదాకా ఆగేదీ లేదు, నీకు దారి మూసేయాలి. ఉద్యోగ దరఖాస్తులు ఇంటర్వ్యూ ప్యానెల్‌కి చేరకముందే పేరు, ఊరు, తండ్రి పేరు, ఫొటో తీసేసి నంబరు వేయాలి. చాలా ఆఫీసులు ఇక్కడే బోల్తా పడతాయి: పేరు కొట్టేస్తారు, ఈమెయిల్ ఐడీ వదిలేస్తారు, అందులో ఇంటిపేరు పళ్ళికిలించుకుని కూర్చుంటుంది. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో. ప్రతి జవాబుకీ అప్పటికప్పుడే మార్కు. అన్నీ విన్నాక చివర్లో వేస్తే, మొదట్లో నచ్చినవాడి తడబాటు కూడా వినయంలా కనబడుతుంది. పెద్దాయన నోరు విప్పకముందే మిగతా ఇద్దరూ అంకెలు రాసేయాలి, లేకపోతే మూడు కాగితాల మీదా ఆయన మార్కే. ‘మీది మా పక్కూరేనా’ కబుర్లు కాగితాలు కవర్లో పెట్టాకే.

అద్దె ఇళ్ళకి అంత తతంగం కూడా అక్కర్లేదు. ఎంతమంది ఉంటారు, జీతం ఎక్కడిది, అద్దె ఏ తారీఖున ఇస్తారు. నెలనెలా డబ్బు వస్తుందో లేదో తెలియాలంటే పాత ఓనరు ఫోన్ నంబరు కావాలి, తాతగారి ఊరితో నీకేం పని?