కుడికాలు ముందు పెట్టి...

నలభై ఆరేళ్లుగా నడుస్తున్నాను. ఏనాడూ ఎవరూ నా నడకకి వంక పెట్టలేదు. పెళ్లిలో ఏడడుగులు వేసినప్పుడు పురోహితుడు కూడా “మళ్లీ వేయండి” అనలేదు. అలాంటిది మొన్న ఆఫీసువాళ్లు టీమ్ అవుటింగ్ అంటూ హైదరాబాద్‌లో ఒక మాల్‌కి తీసుకెళితే, అక్కడ బౌలింగ్ (క్రికెట్‌ది కాదు, బరువైన బంతిని నేలమీద దొర్లించి, దూరంగా నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట) నేర్పే కుర్రాడు నా మొదటి బంతి చూసి, “సార్, ముందు నడక నేర్చుకుందాం” అన్నాడు.

నాలుగే అడుగులట. కుడిచేతివాటం వాళ్లు కుడికాలు ముందు పెట్టాలట. మన ఆచారం ఇంతదూరం వెళ్లిందా అని పొంగిపోయాను. ఈలోగా పక్క లేన్‌లో ఒకాయన నిస్సంకోచంగా ఎడమకాలు ముందు పెట్టాడు. ఐదడుగుల పద్ధతిలో అంతేనట. అపచారం!

మొదటి అడుగుతోపాటే బంతిని ముందుకు చాచాలి. రెండో అడుగుకి అది కిందికి దిగి కాలి పక్కకి రావాలి. మూడో అడుగుకి వెనక్కి, పైకి. నాలుగోది అసలు అడుగే కాదు, ఎడమకాలి మీద జారడం. అద్దె బూట్ల అడుగు అంత నున్నగా ఉండేది అందుకేనట. జారుతూ వచ్చి గీత ఇవతలే ఆగి, చీలమండ పక్కనుంచి బంతి వదలాలి. గీత దాటితే పది పిన్నులూ పడినా లెక్క సున్నా. జారిపోవడానికి కూడా హద్దులున్న ఆట ఇది.

నా కాళ్లు నాలుగో అడుగులో ఉంటే, బంతి ఇంకా రెండో అడుగులోనే ఉండేది. అరవై అడుగుల అవతల పిన్నులు ఎదురుచూస్తుంటే అది సగం దారిలోనే పక్క కాలవలోకి దిగిపోయేది. ఏడడుగులకి ముహూర్తం, మంత్రం, పురోహితుడు ఉండి, ఈ నాలుగడుగులకి ఏ దిక్కూ లేకపోవడం శోచనీయం.

ఇక చేయి. అది గోడగడియారం లోలకంలా ఊగాలి. తోయకూడదు, లాగకూడదు, బలం చూపించకూడదు. బంతి బరువే పని చేసుకుపోతుంది, చేయి అడ్డు రాకుండా ఉంటే చాలు. ఒళ్లొంచి పనిచేసి బతికినవాడికి ఇది ఎలా వస్తుంది? మా మేనేజర్‌కి మాత్రం రెండో ప్రయత్నంలోనే పట్టుబడింది. పని దానంతటదే జరుగుతుంటే పక్కన చేయి ఊపుతూ నిలబడటంలో ఆయనది పద్దెనిమిదేళ్ల అనుభవం.

బంతి లేకుండా ఇంట్లో సాధన చేయమన్నాడు కుర్రాడు. నిన్న హాల్లోంచి కుడికాలు ముందు పెట్టి బయల్దేరి, సాక్సులతో జారి, వంటింటి గడప ముందు ఆగాను. మా ఆవిడ పైనుంచి కిందికి చూసింది.

“ఆగండి, చెంబులో బియ్యం పోసి గడప మీద పెడతాను. తన్ని లోపలికి వద్దురుగాని. అదొక్కటైనా పడుతుంది.”