తీర్పు దగ్గర ఆగని రచయిత్రి

క్రైమ్ బీట్ చూసిన విలేకరి పుస్తకం రాస్తే అందులో ఎఫ్ఐఆర్‌లు, చార్జిషీట్లు, పోలీసు అధికారులు చెప్పిన లోగుట్టు ఉంటాయని ఇట్టే ఊహించవచ్చు. బ్రిటిష్ రచయిత్రి కేట్ సమ్మర్‌స్కేల్ ఆ దారిలో రాలేదు. ఆమె డైలీ టెలిగ్రాఫ్‌లో సాహిత్య పేజీలు చూశారు, చనిపోయినవారి మీద సంస్మరణ వ్యాసాలూ రాశారు. మొదటి పుస్తకం అలాంటి ఒక సంస్మరణ నుంచే పుట్టింది.

పాత హత్య కేసుల మీద ఆమె రాసినవి సైకలాజికల్ థ్రిల్లర్లలా చదివించడానికి కారణం ఆ సంస్మరణల డెస్కేనని నా అభిప్రాయం. హత్య వార్త శవం దగ్గర మొదలై తీర్పుతో ముగిసిపోతుంది. సంస్మరణ రాసేవాళ్లకు మనిషి జీవితం మొత్తం కావాలి.

2016లో వచ్చిన 'ద వికెడ్ బాయ్' చూడండి. 1895 జూలైలో తూర్పు లండన్‌లోని ప్లాయిస్టోలో 13 ఏళ్ల రాబర్ట్ కూంబ్స్ తల్లిని పొడిచి చంపాడు. తండ్రి ఓడ ఉద్యోగి, ఆ సమయంలో ఊళ్లో లేడు. అమ్మ లివర్‌పూల్ వెళ్లిందని ఇరుగుపొరుగుకి చెప్పి, శవం ఇంట్లో ఉండగానే తమ్ముణ్ని వెంటబెట్టుకుని లార్డ్స్‌లో క్రికెట్ చూడ్డానికి వెళ్లాడు. విషయం బయటపడ్డాక పత్రికలు అతను చదివిన చవక సాహస కథల మీద పడ్డాయి. 'వెబ్ సిరీస్ చూసి హత్య' అంటూ మన చానళ్లు వేసే స్క్రోలింగ్‌కి వయసు బాగానే ఉందన్నమాట!

కోర్టు అతనికి మతి స్థిమితం లేదని తేల్చి బ్రాడ్‌మూర్ ఆస్పత్రికి పంపింది. మిగతావాళ్లు కథ ఆపేసే ఈ చోటు దాటి సమ్మర్‌స్కేల్ చాలా దూరం వెళ్తారు. రాబర్ట్ 1912లో విడుదలై ఆస్ట్రేలియా చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గల్లిపోలి దగ్గర గాయపడ్డ సైనికుల్ని స్ట్రెచర్ మీద మోశాడు, మిలిటరీ మెడల్ అందుకున్నాడు. తర్వాత న్యూ సౌత్ వేల్స్‌లో స్థిరపడి, సవతి తండ్రి చేతిలో దెబ్బలు తింటున్న పొరుగింటి కుర్రాణ్ని చేరదీసి పెంచాడు. ఇంత తెలిశాక కూడా, అతను తల్లిని ఎందుకు చంపాడన్న ప్రశ్నకు రచయిత్రి ఒక్క ముక్కలో జవాబు చెప్పరు. తల్లి తమ్ముణ్ని కొట్టిందని రాబర్ట్ చెప్పిన మాట, డాక్టర్ల మాట, పత్రికల మాట పక్కపక్కన పెడతారంతే. థ్రిల్లర్‌లో అయితే చివరి అధ్యాయంలో చిన్ననాటి గాయం ఒకటి బయటపడి లెక్క సరిపోయేది.

ఈ నిగ్రహం ఆమెకు అన్నిచోట్లా లేదు. శామ్యూల్ జాన్సన్ బహుమతి తెచ్చిన 2008 నాటి 'ద సస్పిషన్స్ ఆఫ్ మిస్టర్ విచర్'లో 1860 నాటి రోడ్ హిల్ హౌస్ కేసు ఉంది. మూడేళ్ల పసివాడి హత్య అది. స్కాట్లాండ్ యార్డ్ తొలి డిటెక్టివ్‌లలో ఒకరైన జాక్ విచర్, కనిపించకుండా పోయిన ఒక నైట్‌గౌన్ ఆధారంగా పిల్లాడి సవతి అక్క, 16 ఏళ్ల కాన్‌స్టన్స్‌ను అనుమానించారు. పెద్దింటి పిల్ల మీద ఓ మామూలు పోలీసు నింద వేయడమా అని జనం ఆయన్నే దుమ్మెత్తిపోశారు. 1865లో ఆమె తనే నేరం ఒప్పుకుంది. ఇంగ్లిష్ నవలాకారుడు విల్కీ కాలిన్స్ 1868లో రాసిన 'ద మూన్‌స్టోన్' నవలలోని డిటెక్టివ్‌కు విచరే మూలం. ఆ లెక్కన మన డిటెక్టివ్ యుగంధర్‌కి ఆయన దూరపు చుట్టమే.

ఇంతవరకూ బాగుంది. అయితే చివర్లో రచయిత్రి కాన్‌స్టన్స్ తమ్ముడు విలియంకూ ఈ హత్యలో చెయ్యి ఉండొచ్చని సూచిస్తారు. జాగ్రత్తగా, 'కావచ్చు' అనే అంటారు. కానీ మూడు వందల పేజీలు టెన్షన్‌గా చదివిన పాఠకుడికి ఆ 'కావచ్చు' గుర్తుండదు, విలియం పేరే గుర్తుంటుంది. ఏ కోర్టూ దోషి అనని మనిషి, జవాబు చెప్పుకోవడానికి బతికి కూడా లేడు. అక్కడ విలేకరిని థ్రిల్లర్ రచయిత పక్కకు నెట్టేసినట్టు నాకనిపించింది. అందుకే ఎక్కువ పేరు తెచ్చుకున్నది విచర్ పుస్తకమే అయినా, నా ఓటు రాబర్ట్ కథకే.