గోలీ ఇచ్చే ముందు అడగాల్సిన మాట

బతుకమ్మ, దసరా దగ్గరపడితే వరంగల్, హనుమకొండ మందుల దుకాణాల్లో ఒక మందుకు గిరాకీ పెరుగుతుంది. మేడారం జాతర ఏడాదైతే ఇక చెప్పనక్కర్లేదు. ‘పండుగ ఎల్లేదాకా ముట్టు ఆగే గోలీలియ్యి అన్నా’ అంటే చాలు, నోరెథిస్టిరాన్ పట్టీ చేతికొస్తుంది. డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన హార్మోన్ మందు అది. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోన్‌గానూ మారుతుంది. ఈ సంగతి కొనేవారికి తెలియదు, అమ్మేవారు చెప్పరు.

దీనికి పూర్తి విరుద్ధమైన భయం మరొకటి ఉంది. గర్భనిరోధక మాత్రలు వాడితే లివర్ చెడిపోతుందని విని, ఆశా కార్యకర్త ఇచ్చిన మాలా-ఎన్ మాత్రలను అటకెక్కించే ఇళ్లున్నాయి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి ఈ భయం అక్కర్లేదు. మాత్రలు దీర్ఘకాలం వాడినవారిలో అడినోమా అనే లివర్ గడ్డలు కనిపిస్తున్నాయని 1973లోనే వైద్యులు గుర్తించిన మాట నిజమే. అయితే అది అరుదు. పైగా అప్పటి మాత్రల్లో ఈస్ట్రోజెన్ మోతాదు చాలా ఎక్కువ. ఇప్పటి మాలా-ఎన్‌లో ఉన్నది 0.03 మిల్లీగ్రాములే. 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్రదీ ఇదే కథ. మాటిమాటికీ వేసుకుంటే నెలసరి గాడి తప్పుతుంది, రోజువారీ మాత్రంత భరోసా కూడా దక్కదు. లివర్ పాడవుతుందనడానికి మాత్రం ఆధారం లేదు.

మరి ముప్పు ఎవరికి? లివర్ జబ్బు ముందే ఉన్నవారికి. ముదిరిన సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోయే జబ్బు), లివర్‌లో గడ్డ ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర అసలే కూడదు. కామెర్లతో ఉన్నప్పుడు మొదలుపెట్టకూడదు. ఈస్ట్రోజెన్ పైత్యరసం ప్రవాహాన్ని మందగింపజేస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు లివర్ సమస్యతో ఒళ్లంతా దురద పెట్టినవారికి మాత్రలతో అది తిరగబెట్టవచ్చు. ‘ఛాయ’ అనే గర్భనిరోధక మాత్రలో హార్మోన్ లేదు కదా అనుకుంటే పొరపాటే, ఈమధ్య కామెర్లు వచ్చినవారికి అదీ పనికిరాదు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారి చిక్కు వేరు: ఆ మందు లివర్ చేత మాత్రను త్వరగా విరగ్గొట్టిస్తుంది, దాంతో మాత్ర వేసుకున్నా గర్భం రావచ్చు. ‘అంతర’ అనే గర్భనిరోధక సూదికి ఆ ఇబ్బంది లేదు. లివర్ జబ్బున్నవారికైతే కాపర్-టీ, నిరోధ్ ఉండనే ఉన్నాయి. (నిరోధ్ మాటెత్తితే మగవాళ్లు మొహం తిప్పుకోవడం గురించి ఇంకోసారి రాయాల్సిందే.)

అసలు చిక్కు ఇక్కడుంది. కామెర్లు రాగానే దవాఖాన కంటే ముందు పసరు మందుకు పరిగెత్తే ఊళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. పసరుకు చీటీ ఉండదు, పరీక్ష ఉండదు. మాత్ర వాడబోయే స్త్రీకి కామెర్లు వచ్చిపోయాయని ఏ కాగితమూ చెప్పదు, ఆమె నోటితో చెప్పాల్సిందే. ఎవరైనా అడిగితేనే కదా చెప్పేది! కామెర్లు వచ్చాయా, కాన్పు ముందు ఒళ్లంతా దురద పెట్టిందా, క్షయకు గానీ మూర్ఛకు గానీ మందులు వాడుతున్నావా. ఇవి అడగడానికి నిమిషం పట్టదు. అయితే నలుగురు మగవాళ్లు నిలబడ్డ కౌంటర్ దగ్గర ఏ ఆడపిల్ల జవాబిస్తుంది? అందుకే ఈ పని మొదట ఆశాలు, ఏఎన్ఎంల మీదే పడుతుంది. పట్టీ చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే పని అయిపోయినట్లు కాదు.

ఔషధ నియంత్రణ అధికారులు పండుగల ముందు నోరెథిస్టిరాన్ అమ్మకాల మీద కన్నేయాలి. చీటీ లేని అమ్మకం కనబడితే నోటీసు ఇవ్వాలి. అలాగని మాత్ర అడిగిన ప్రతి స్త్రీనీ రక్తపరీక్షకు తిప్పమని మేము అనడం లేదు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది, తిప్పితే వాళ్లు మళ్లీ రారు కూడా. కామెర్లు వచ్చాయని చెప్పినవారిని మాత్రం పల్లె దవాఖాన నుంచే లివర్ పరీక్షకు పంపాలి. ఫలితం వచ్చేదాకా నిరోధ్ ఇచ్చి పంపితే సరిపోతుంది.