పేడకు ప్రమోషన్

పెంటకుప్పను ఇకమీదట పెంటకుప్ప అనకూడదు. అది ఫీడ్‌స్టాక్, అంటే ఫ్యాక్టరీకి ముడిసరుకు. గడ్డి, ఊక, పొట్టు, పేడ అన్నింటికీ ఒకేసారి ప్రమోషన్ వచ్చింది. జీతం మాత్రం పెరగలేదు.

ఈ శుభకార్యం పేరు జీవ ఆర్థిక వ్యవస్థ, ముద్దుగా బయోఎకానమీ. అంటే పంట, గడ్డి, పేడ లాంటి జీవ పదార్థాలతో ఇంధనం, ఎరువు, సరుకులు చేసి నడిపే వ్యవస్థ. 2012లో యూరోపియన్ కమిషన్ దీనికో వ్యూహం రాసింది, 2018లో దాన్ని సవరించింది. 2024లో బ్రెజిల్ అధ్యక్షతన జీ20 పది సూత్రాలు చెప్పింది. అంతకుముందు పల్లె జనం గడ్డి పశువులకు వేసి, పేడ పొలానికి తోలి, ఊక పొయ్యిలోకి ఎగదోసి ఏదో బతికేసేవారు. అదే ఆర్థిక వ్యవస్థ అని వాళ్లకెవరూ చెప్పలేదు పాపం.

వాతావరణం సంగతి కాస్త నిజంగానే మాట్లాడుకోవాలి. నూరేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. పేడలోంచి గాల్లో కలిసేదాన్ని పట్టి పొయ్యిలో వెలిగిస్తే మేలే, ఇక్కడ వెక్కిరించడానికి నాకేమీ దొరకలేదు. గొట్టం కారితే మాత్రం ఆ 28 రెట్లూ ఊరి గాల్లోకి. కాలుష్యం తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోదగ్గ కార్బన్ క్రెడిట్ ఇంకెవరి ఖాతాలోకో.

ఇక గడ్డి. బరువు తక్కువ, చోటు ఎక్కువ. లారీ నిండా సగం గాలే. పంట కోసిన కొద్ది వారాలే దొరుకుతుంది, దాంతో ఇంధనం చేసే ఫ్యాక్టరీకేమో 365 రోజులూ ఆకలి. డీజిల్ వాడకం తగ్గించడానికి గడ్డి కావాలి, గడ్డి తేవడానికి డీజిల్ కావాలి. నేలకు కూడా ఆ గడ్డి మీద ఆశ ఉంది, కుళ్లితే దానికే బలం. కానీ నేలకు టెండర్ వేయడం రాదు.

గింజల నూనెతో బయోడీజిల్ చేయొచ్చన్న మొక్క, జట్రోఫా, గుర్తుందా? 2000ల్లో ఆసియా, ఆఫ్రికాల్లో తెగ నాటించారు. బంజరులో, నీళ్లు అంతగా లేకపోయినా బతుకుతుందన్నారు. బతికింది. విరగ్గాస్తానని ఆ మొక్క ఎన్నడూ అనలేదు, అన్నది నివేదిక. మొక్క మాట తప్పలేదు కనుక దాని మీద విచారణ లేదు. నివేదిక మీద కూడా లేదనుకోండి.

గ్రామీణ ఆవిష్కరణ అంటే ఇదీ: పేడ గురించి రైతుకు రెండు రోజుల శిక్షణ, చివర్లో సర్టిఫికెట్. పాఠం చెప్పినాయన చేతికి గ్లవ్స్.

గ్యాస్ తీసేశాక మిగిలిన ముద్దలో నత్రజని దాదాపు ఎక్కడిదక్కడే ఉంటుంది, మంచి ఎరువు. దాన్ని ఆరబెట్టి, రంగుల సంచిలో నింపి, పేడ ఇచ్చిన రైతుకే అమ్మే ఏర్పాటు కూడా ఉంది. సంచి మీద పెద్దక్షరాలతో పేరు రాసి ఉంటుంది. పేడ అని మాత్రం కాదు.