శ్రీకాకుళం వేళ్ళకు శిక్షణ కావలెను

శ్రీకాకుళం జిల్లా వెనకబాటుకు కారణాలు ఇన్నాళ్ళూ వలసల్లో, తుపానుల్లో, వంశధార వరదల్లో వెతికాం. పొరబడ్డాం. తప్పంతా మన వేళ్ళల్లో ఉంది. ఈ సంగతి నాకు పొందూరులో మా మామ్మ దగ్గర తెలిసింది.

మామ్మ ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి, వాటిని అరటి దొప్పలో దాచుకుని మరీ వడుకుతుంది. వంద కౌంటంటే పౌను నూలు 84 వేల గజాలు. సాగదీసుకుంటూ పోతే శ్రీకాకుళం నుంచి విజయనగరం చేరి, గంటస్తంభానికి నాలుగు చుట్లు చుట్టడానికి కూడా మిగులుతుంది. అంతటి వేలు మొన్న ఏదో యాప్‌లో ఒక పచ్చ బొత్తాం నొక్కలేకపోయింది. నొక్కిన ప్రతిసారీ పేజీ పైకి జరిగిపోయింది.

"వేలు జారనివ్వకు మామ్మా" అన్నాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు చేసే మా తమ్ముడు.

"నానేటి జారనిచ్చినాన్రా, నొక్కినాను గదా! అదే జారిపోనాది."

ఈ తగువులో నేను ఫోను పక్షం. ఆండ్రాయిడ్‌లో టచ్ తిన్నగా బొత్తానికి చేరదు. పాతకాలపు లోగిలికి వచ్చిన కబురులా వీధిగుమ్మంలో దిగి, సావిడి దాటి, నడవ దాటి, అప్పుడు లోపలి గదిలో ఉన్న బొత్తానికి అందుతుంది. బొత్తాం "నాకే" అని పుచ్చుకుంటుంది. కానీ సావిట్లో తాత ఉంటాడు. ఆయనే జరిగే పేజీ. వేలు 8 డీపీ (ఫోను తెర మీద దూరాలకు వాడే కొలత) దాటి కదిలిందో, "ఇది నొక్కడం కాదు, జరపడం" అని కబురు లాగేసుకుంటాడు. బొత్తానికి 'క్యాన్సిల్' అని ఒక్క ముక్క పంపుతాడు. వేలెత్తి మళ్ళీ పెట్టేదాకా దానికి ఇంకేమీ తెలియదు. అడ్డు రావద్దని పెద్దల్ని ముందే వేడుకునే వెసులుబాటు బొత్తానికి ఉంది. (మా లోగిలి కోడళ్ళకు అదీ ఉండేది కాదు.)

ఆ 8 డీపీ అంటే లెక్క ప్రకారం 1.27 మిల్లీమీటర్లు. మామ్మ వయసు ఎనభై పైమాట. వేలు వణికింది. నేరం రుజువైంది.

యాప్‌లు కట్టడానికి వాడే ఫ్లట్టర్ అనే సరంజామా వారి ఏర్పాటు ఇంకా ముచ్చటైనది. అక్కడ నొక్కడం, లాగడం, ఒత్తిపట్టడం అందరూ కలిసి బరిలో దిగుతారు. బరి అని నేనన్నది కాదు, వాళ్ళు పెట్టుకున్న పేరే 'అరీనా'. ఒక్కొక్కరే తప్పుకుంటే మిగిలినవాడిది గెలుపు. వేలెత్తేసరికి ఎవరూ తేల్చకపోతే ముందు దిగినవాడిది. ఇంత కోలాహలం తన వేలి కింద జరుగుతోందని తెలిస్తే మామ్మ ఆ బొత్తాం జోలికే పోయేది కాదు.

బొత్తాన్ని కనీసం 48 డీపీ చెయ్యమని గూగుల్ వాళ్ళే చెబుతారని తమ్ముడు ఒప్పుకున్నాడు. ఈ యాప్‌లో మాత్రం అది కందిగింజంత ఉంది. పెద్దది చెయ్యవచ్చు గాని అది ఖర్చుతో పని. వేళ్ళు చవక. కాబట్టి జిల్లాలో వేళ్ళ సంస్కరణ వెంటనే మొదలుపెట్టాలి. డెబ్భై దాటినవారి వణుకును 1.27 మిల్లీమీటర్లకు కుదిస్తూ ఉత్తర్వు రావాలి. పలాసలో జీడిపిక్కలు కొట్టేవారి సంగతి మరీ ఘోరం. జీడి చమురుకు చర్మం కాలి, ఎండి, కాయలు కాసిన వేళ్ళను ఫోను అద్దం ఒక్కోసారి వేళ్ళుగానే గుర్తించదు. వాళ్ళు ఆరు నెలలు పని మానేసి చర్మం పెంచుకోవాలి. ఆ ఆరు నెలలూ తిండెలాగ అంటారా, దానికీ యాప్ ఉంటుంది, అందులోనూ ఒక పచ్చ బొత్తాం ఉంటుంది.

నా పథకం వినిపించాక తమ్ముడు మామ్మ చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "ఇలా, మెత్తగా, ఒక్కసారి" అంటూ నొక్కాడు. పేజీ జర్రున పైకి పోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పోయింది. మామ్మ రాట్నం ఆపి కళ్ళద్దాల మీదుగా చూసింది.

"నెట్ స్లోగా ఉంది మామ్మా" అన్నాడు.