పాటకూ ఒక పద్దు రాద్దాం

తిరుపతిలో జరిగిన మా నాన్న షష్టిపూర్తి వీడియోను యూట్యూబ్‌లో పెడితే, మర్నాటికి సగం మూగబోయింది. మాంగల్యధారణ దగ్గర అమ్మ నవ్వుతూ ఏదో అంటుంది. పెదాలు కదులుతాయి, మాట వినబడదు. స్టూడియో అబ్బాయి ఆ మాట మీదే సినిమా పాట పరిచాడు. పాట హక్కు ఉన్న కంపెనీ అభ్యంతరం చెప్పడంతో అమ్మ మాట కూడా పాటతోపాటే మ్యూట్ అయింది. అసలు ఆడియో అడిగితే, "కార్డు అప్పుడే ఫార్మాట్ కొట్టేసినాం న్నా" అన్నాడు. పది సెకన్లు వాడుకుంటే ఏం కాదని అతని నమ్మకం. అలాంటి లెక్క ఇండియా చట్టంలోనూ లేదు, అమెరికా చట్టంలోనూ లేదు.

అతన్ని అనడమెందుకు, అమెరికాలోని మన తెలుగు సంఘం వీడియోల్లో మనం చేసేదీ అదే. కింద 'పాట హక్కులు వారివే' అని రాసి చేతులు దులుపుకుంటాం. పేరు వేస్తే అడిగినట్టు కాదు. హాలుకున్న లైసెన్సు వేదిక మీద పాడుకోవడానికే. వీడియోలో కలపాలంటే పాట సాహిత్యం, వరుసల హక్కుదారు అనుమతి వేరు, రికార్డింగు హక్కుదారు అనుమతి వేరు. రెండూ కావాలి.

"అన్నమయ్యను పెట్టుకుందాం, ఐదొందల ఏళ్ళ నాటి పాట కదా" అన్నారొకరు. సాహిత్యం వరకు నిజమే, ఆయన 1503లో పోయారు. కానీ తిరుమల రాగిరేకుల మీద చాలావాటికి రాగం పేరే ఉంది, స్వరం లేదు. మనం వినే వరుసల్లో ఎక్కువభాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. అలా వరుసలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు. కర్త తదనంతరం 60 ఏళ్ళు హక్కు ఉంటుంది కాబట్టి, ఆయన కట్టిన వరుసలకు అది 2039 చివరిదాకా నడుస్తుంది. రికార్డింగు లెక్క మళ్ళీ వేరు.

భోజనాలకూ డెకరేషన్‌కూ వేలు పోసేవాళ్ళం, పాటకూ ఒక పద్దు రాద్దాం. ఆ డబ్బు తిరుపతికే పంపుదాం. 1959 నుంచి ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊళ్ళో వాయించేవాళ్ళకు కొదవా?

మొన్న అమ్మ పుట్టినరోజు వీడియో కోసం కపిలతీర్థం దగ్గరుండే ఒక నాదస్వరం పెద్దాయనతో త్యాగరాజ కీర్తన కొత్తగా వాయింపించాం. ఒప్పందం కాగితంలో 'ప్రపంచమంతటా, ఎప్పటికీ' అని పట్టుబట్టి రాయించాను. ఇండియా చట్టంలో కిటుకు అక్కడే ఉంది: ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే ఆ హక్కు ఇండియా వరకే, ఎన్నాళ్ళో రాయకపోతే ఐదేళ్ళే. ఇక్కడున్న మనకు అలాంటి కాగితం ఏం పనికొస్తుంది?

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "వాయించింది మూడు నిమిషాలు, దీన్ని చదివేదానికి పది నిమిషాలాయనే సామీ" అని సంతకం పెట్టారు. ఈసారి అమ్మ మాట్లాడేచోట నాదస్వరం తగ్గించమని ఎడిటర్‌కు ముందే చెప్పాను.