మకరాపా పెట్టుకున్న మనిషి పేరేమిటి?

జొహానెస్‌బర్గ్‌లో సొవెటో పక్కనే ఉన్న సాకర్ సిటీ స్టేడియాన్ని 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం ఆఫ్రికన్ సొరబుర్ర ఆకారంలో, మట్టి రంగుల పలకలతో తిరిగి కట్టారు. ఆ గోడ ముందు ఒక అభిమానిని నిలబెట్టి తీసిన ఫొటో ఆర్ట్ గ్యాలరీకి ఎక్కడానికి అన్ని హంగులూ ఉన్నదే. అక్కడ జూన్ చలికాలం. పొడిగాలిలో ఏటవాలుగా పడే సాయంత్రపు ఎండ ముఖంలోని ప్రతి ముడతనూ విడదీసి చూపుతుంది. నా అభ్యంతరం వెలుతురు గురించి కాదు, చిత్రం కింద రాసే రెండు మాటల గురించి.

అలాంటి చిత్రంలో ముందుగా కంటపడేది తల మీది మకరాపా. గని కార్మికుల హెల్మెట్‌ను బ్లేడుతో కోసి, కోసిన ముక్కలను పైకి వంచి, జట్టు రంగులు పూసి దాన్ని తయారు చేస్తారు. 1979లో ఒక మ్యాచ్‌లో ఎవరో విసిరిన సీసా ఒక ప్రేక్షకుడి తలకు తగలడం చూసిన ఆల్‌ఫ్రెడ్ బలోయి, తన తల కాపాడుకోవడానికి హెల్మెట్ పెట్టుకుని వెళ్లడంతో ఈ కళ మొదలైందని చెబుతారు. స్టేడియానికి చేరువలోనే బంగారు గనులు తవ్విపోసిన పసుపు మట్టి దిబ్బలున్నాయి. గని హెల్మెట్, వెనక గని దిబ్బ, మధ్యలో మనిషి ఒకే ఫ్రేములో ఇమిడితే ఆ నగర చరిత్ర అంతా అందులో ఉంటుంది. దిబ్బను మసకబార్చి, రంగుల టోపీని మాత్రం మిగిల్చి, కింద ‘ఫుట్‌బాల్ అభిమాని, దక్షిణాఫ్రికా’ అని రాస్తే మిగిలేది పండగ వేషమే.

దక్షిణాఫ్రికాకే చెందిన ఫొటోగ్రాఫర్ జనేలే ముహోలి 2006లో మొదలుపెట్టిన చిత్రమాలికలో చిత్రాల శీర్షికలు ఆ మనుషుల పేర్లూ, ఊళ్లూ, సంవత్సరాలే. జనం తోసుకుపోయే గేటు దగ్గర ఒకరిని ఆపి, ఒప్పించి, స్టాండు మీద కెమెరా సరిచూసుకున్నవారికి పేరు అడిగే తీరిక దొరకలేదంటే నమ్మలేం. (టోపీ కోసినవారి పేరు కూడా అడిగితే మరీ మంచిది.)

ఈ విషయంలో తెలుగువారికి పట్టింపు ఉండాలి. 1860 నవంబరులో ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది మొదలు, మద్రాసు రేవు నుంచి అక్కడి నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు వెళ్లిన కూలీలలో మనవాళ్లూ ఉన్నారు. వలస పాలకులు ఒక్కొక్కరికీ ఒక నంబరు తగిలించారు. అయినా ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది మచ్చ కూడా రాశారు. అక్కడి కుటుంబాలు ఈనాటికీ తాతముత్తాతల ఊరు వెతుక్కుంటున్నది ఆ వరుసల్లోనే. కూలీల లెక్క రాసిన గుమాస్తా చేసిన పని కళాకారుడికి బరువైందా?

కనుక మన సంఘాల ఫొటో పోటీల దరఖాస్తులో ఒక గడి చేర్చమని నిర్వాహకులను కోరుతున్నాను. అందులో చిత్రంలోని వ్యక్తి పేరు రాయాలి, లేదా పేరు వద్దన్నారని అయినా రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న చిత్రాన్ని, అది ఎంత అందంగా ఉన్నా, న్యాయనిర్ణేతల దాకా పంపకండి.